వెండిలో ఫిరోజా లాకెట్: ఇప్పటిదాకా అయిన పని

రాయి దొరికింది

లాకెట్‌కి రాయి దొరికింది, అంటే పని మొదలైనట్టే. ఓవల్ షేపు, 18 బై 13 మిల్లీమీటర్లు, అరిజోనాలో కింగ్‌మన్ గని ఫిరోజా, ఇంగ్లీషులో టర్కోయిస్, మంచి నీలం, అందులో సన్నటి నల్లగీతలు. ఈ గీతల్ని ఇక్కడివాళ్ళు మాట్రిక్స్ అంటారు, రాయి ఏ బండ పగుళ్ళలో పుట్టిందో ఆ బండ ముక్కలే అవి.

నేనుండేది అరిజోనాలో, ఛాండ్లర్‌లో. మనవాళ్ళు ఇక్కడ వీధికి నలుగురు దొరుకుతారు, అందరివీ చిప్ కంపెనీ ఉద్యోగాలో సాఫ్ట్‌వేరో, కానీ ఇంత ఫిరోజా నేల మీద ఉంటూ కూడా షాపులో అద్దం వెనకాల చూసి రేటు అడిగి వచ్చేయడమే తప్ప దాని సంగతి పట్టించుకున్నవాళ్ళు నాకైతే తగల్లేదు. నేను సాయంత్రాలు వెండి పని క్లాసుకి పోతున్నా. మా టీచర్ రాగి గనిలో మెకానిక్‌గా చేసి రిటైరైన పెద్దాయన. ఆయన చెప్పాకే అర్థమైంది, ఇక్కడ ఫిరోజా ఎందుకింత ఉందో. ఫిరోజా అంటే రాగి, అల్యూమినియం, ఫాస్ఫేటు, కాస్త నీరు కలిసిన రాయి. ఎండ నేలల్లో అప్పుడప్పుడు పడే వాన, రాగి ఉన్న బండల్లోకి దిగి కరిగించుకుంటూ పోయి పగుళ్ళలో పేరుస్తుంది. రాగి వల్ల నీలం వస్తుంది, అల్యూమినియం ఉండాల్సిన చోట ఇనుము చేరితే పచ్చగా తిరుగుతుంది. అందుకే రాగి గని ఎక్కడుంటే ఇది అక్కడ: కింగ్‌మన్, మొరెన్సీ, బిస్బీ, గ్లోబ్ దగ్గర స్లీపింగ్ బ్యూటీ. గనివాళ్ళకి కావాల్సింది రాగి, నీలం రాయి కాదు, కాబట్టి బిస్బీలో పనోళ్ళు టిఫిన్ డబ్బాల్లో వేసుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళట, ఇప్పటికీ పాత బిస్బీ రాయిని లంచ్‌బాక్స్ టర్కోయిస్ అనే పిలుస్తారు. అక్కడ గని పని 1975లో ఆగిపోయింది. స్లీపింగ్ బ్యూటీలో ఫిరోజా తీయడం 2012లో ఆపేశారు, ఆ గీతల్లేని ఆకాశం రంగు రాయి కావాలంటే ఇక పాత స్టాకే గతి.

నాది స్టెబిలైజ్డ్ రాయి, దాచడానికేం లేదు. ఫిరోజాలో చాలాభాగం మెత్తగా, సుద్దలాగా వస్తుంది, దాన్ని ఎపాక్సీ రెసిన్‌లో ప్రెషర్ పెట్టి నానబెడితే గట్టిపడి పాలిష్‌కి నిలుస్తుంది. ఇది మోసం కాదు, చెప్పి అమ్మితే. మోసమేంటంటే హౌలైట్, మాగ్నసైట్ లాంటి వేరే రాళ్ళకి రంగేసి ఫిరోజా అని అమ్మడం. హౌలైట్ తెల్లరాయి, దానికీ నల్ల గీతలుంటాయి కాబట్టి నీలం డైలో ముంచితే ఫొటోలో ఎవరూ పట్టలేరు. ఆన్‌లైన్‌లో చవగ్గా పూసల దండలు చూస్తారు కదా, నా అనుమానం వాటిల్లో చాలావరకు అవే. అసిటోన్‌లో తడిపిన దూదితో కనపడని మూల రుద్దితే చవక డై చాలాసార్లు దూదికి అంటుతుంది, హౌలైట్ అయితే మెత్తన కూడా, కత్తి మొనకే గీత పడుతుంది.

అమ్మకి వాట్సాప్‌లో ఫొటో పెట్టా, లాకెట్ తనకే కాబట్టి. కరీంనగర్ నించి వెంటనే ఫోను. "గది నవరత్నాలల్ల లేదు గదనే, జాతకం చూపియ్యకుండ ఎట్ల పెట్టుకుంటరు?" లేదు నిజమే, తొమ్మిదింట్లో ఫిరోజా లేదు. మరి చార్మినార్ దగ్గర బండ్ల మీద అమ్మే ఫిరోజా ఉంగరాలేంటమ్మా అంటే "అవి తుర్కోల్లయి" అని తేల్చేసింది. దానిమీద కింద ఇంకా రాస్తా.

పట్టీ చుట్టడం

రాయిని పట్టుకునే గోడని బెజెల్ అంటారు. దానికి స్టెర్లింగ్, అంటే కాస్త రాగి కలిపిన 925 వెండి, వాడరు, దాదాపు స్వచ్ఛమైన 999 వెండి వాడతారు, మెత్తన కాబట్టి రాయి మీదకి సులువుగా వంగుతుంది. నేను తీసుకున్నది 30 గేజ్ పట్టీ, అంటే పావు మిల్లీమీటరు మందం, 4 మిల్లీమీటర్ల ఎత్తు. రాయి చుట్టూ టేపు తిప్పి కొలిస్తే 49 మిల్లీమీటర్లు, పట్టీ మందం కలుపుకుని ఇంకో మిల్లీమీటరు ఎక్కువ కోశా. రెండు కొనలూ ఆకురాయితో సమంగా అరగదీసి వెలుగుకి పట్టి చూస్తే సందులోంచి వెలుతురు రాకూడదు, ఎందుకంటే టంకం సందు నింపదు, ఆనుకున్న చోటే పారుతుంది.

ఎత్తు విషయంలో టీచర్‌కీ నాకూ కాస్త వాదన అయ్యింది. ఆయన ఇంకా పొట్టిగా ఉండాలంటాడు, రాయి ఎక్కువ కనపడాలని. నాకేమో మెత్తన్రాయికి కాస్త ఎత్తు గోడే మంచిదనిపించింది, రాయి అంచు వంపు మీద కనీసం ఒక మిల్లీమీటరైనా వెండి కూర్చోవాలి. చివరికి గోడ ఎత్తు అలాగే ఉంచి, రాయి కింద రంపప్పొట్టు పరుద్దామని తేలింది. ఇది ఇక్కడి ఆదివాసులు నవాహోల్లో పాతవాళ్ళ పద్ధతి, పాత ఉంగరాలు విప్పితే రాయి కింద రంపప్పొట్టో అట్టముక్కో కనపడుతుంది. రాయి పైకి లేస్తుంది, దెబ్బ తగిలితే కొంత అదే మింగుతుంది. తడిస్తే ఉబ్బుతుందనేది దీని మీదున్న కంప్లైంటు, కాబట్టి ఇది పెట్టుకుని స్నానం చేయొద్దని అమ్మకి ఇప్పట్నుంచే చెప్తున్నా.

టంకం

వేడి పని అంతా ఈ వారమే. మొత్తం మూడు టంకాలు: పట్టీ కొనలకి హార్డ్, పట్టీని వెనక రేకుకి అతకడానికి మీడియం, గొలుసు పట్టే కొక్కేనికి ఈజీ. హార్డ్ పారాలంటే 780 డిగ్రీల దాకా పోవాలి, ఈజీకి 720 దగ్గర్లో చాలు, కంపెనీని బట్టి కొంచెం అటూఇటూ. వరసగా దిగుతూ రావడం వల్ల తర్వాతి అతుకు వేసేప్పుడు ముందుది ఊడిరాదు. స్టెర్లింగ్ 893 డిగ్రీలకి పూర్తిగా కరిగిపోతుంది, 800 దాటాకే మెత్తబడ్డం మొదలు, అంటే హార్డ్‌కీ రేకు పాడవ్వడానికీ మధ్య ఉన్న జాగా చాలా కొంచెం. పక్క బెంచీ ఆయనది కళ్ళముందే పట్టీ ముడుచుకుని గుండైపోయింది.

కాబట్టి మంట పైనించి కాదు, ముక్కాలి పీట మీద ఇనుప జాలీ వేసి కిందనించి పెట్టాలి. పావు మిల్లీమీటరు గోడ రేకు కంటే ముందే వేడెక్కుతుంది, టంకం ఎప్పుడూ ఎక్కువ వేడున్న వైపుకే పరిగెత్తుతుంది, పైనించి పెడితే మొత్తం గోడెక్కి కూర్చుంటుంది. టంకం బాగా పారడానికి రాసే ఫ్లక్స్ మనకి తెలిసిన వెలిగారమే, మన కంసాలులు ఎప్పట్నుంచో వాడేది. అది ముందు తెల్లగా పొంగి, తర్వాత గాజై నిలబడుతుంది, అదే మనకి థర్మామీటరు. గాజు అయ్యిందంటే టంకానికి ఇంక కాసేపే. పారినప్పుడు గోడ కింద సన్నగా తళుక్కుమని గీత తిరుగుతుంది, అది చూసి మంట తీసేయాలి. గీత చుట్టూ పూర్తిగా తిరిగింది.

తర్వాత పికిల్, అంటే వేడి ఆమ్లం నీళ్ళు, సోడియం బైసల్ఫేట్. ఇందులోంచి తీయడానికి రాగి పటకారే వాడాలి, ఇనుప పటకారు ముంచితే ఆ నీళ్ళలో ఉన్న రాగి వెండి మీదకి ఎక్కి మొత్తం ఎర్రబడుతుంది. మా ఊళ్ళో కంసాలి దుకాణంలో చింతపండు నీళ్ళలో ఉడకబెట్టడం చిన్నప్పుడు చూశా, పని ఒకటే, ఆమ్లం రాగి మసిని తినేస్తుంది. చింతపండుతో ఇక్కడ ట్రై చేశా కూడా, పనిచేసింది, కాకపోతే గంటసేపు పట్టింది, స్టూడియోలో అందరూ ఎవరు సాంబారు పెడుతున్నారని అడిగారు.

హెర్డ్ మ్యూజియం పోయి వచ్చాక

ఫీనిక్స్‌లో హెర్డ్ మ్యూజియం ఉంది, ఇక్కడి ఆదివాసుల కళలది, 1929లో పెట్టింది. డిజైన్ ఖాయం చేసేముందు ఒకసారి చూడాలని పోయా. రోజంతా అక్కడే.

నవాహోలు, వాళ్ళ మాటలో దినే ప్రజలు, వెండి పని మొదలెట్టింది మనం అనుకున్నంత పాత కాలంలో కాదు. మొదటి వెండి పనివాడిగా చెప్పే అట్సిడి సానీ మెక్సికన్ కమ్మరి దగ్గర నేర్చుకున్నాడు, అది పందొమ్మిదో శతాబ్దం మధ్యలో. 1864లో అమెరికా సైన్యం వాళ్ళని ఇళ్ళనించి వెళ్ళగొట్టి న్యూ మెక్సికోలో బోస్క్ రెడోండో అనే నిర్బంధ శిబిరానికి నడిపించింది, 1868లో ఒప్పందం తర్వాత తిరిగొచ్చారు, వెండి పని గట్టిగా పాకింది ఆ తర్వాతే. వెండిలో ఫిరోజా పొదగడం 1880 ప్రాంతంలో మొదలు. అంటే మనం "తరతరాల నాటిది" అనుకునే ఆ జోడీకి వయసు నూటయాభై ఏళ్ళ లోపే. ఫిరోజా మాత్రం చాలా పాతది, న్యూ మెక్సికోలో సెర్రిలోస్ కొండల్లో యూరోపియన్లు రాకముందే తవ్వారు, చాకో కాన్యన్‌లో ప్యూబ్లో బొనీతో అనే పెద్ద కట్టడంలో వేలకొద్దీ ఫిరోజా పూసలు, ముక్కలు దొరికాయి. వెండి రాకముందు ఫిరోజాని గవ్వతో కలిపి దండ గుచ్చారు, గవ్వ మీద పొదిగారు.

మొదట్లో వెండి ఎక్కడిదంటే, నాణేలు కరిగించుకున్నారు. అమెరికన్ డాలర్లు పాడుచేయడం నేరమని 1890 ప్రాంతంలో గట్టిగా పట్టుకోవడంతో మెక్సికన్ పెసోలకి మారారు. చేసిన నగ ఒంటిమీద ఉన్న ఆస్తి, అవసరమొస్తే ట్రేడింగ్ పోస్టులో, అంటే సరుకుల కొట్టులో, తాకట్టు పెట్టడం, పండగకి విడిపించుకుని వేసుకుని మళ్ళీ పెట్టడం. ఇది చదివి నవ్వొచ్చింది, మా ఇంట్లో కాసులపేరు కథ కూడా ఇదే, మార్వాడీ కొట్టుకీ పెళ్ళికీ మధ్య తిరుగుతూనే ఉండేది.

ఇక అర్థాలు. దినేలకి నాలుగు పవిత్ర పర్వతాలు నాలుగు దిక్కులా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో రాయో గవ్వో. తూర్పుకి తెల్లగవ్వ, దక్షిణానికి ఫిరోజా, పడమరకి అబలోనీ గవ్వ, ఉత్తరానికి జెట్ అనే నల్లరాయి. ఫిరోజా పర్వతం న్యూ మెక్సికోలో ఉన్న మౌంట్ టేలర్. ఈ నాలుగింటి ముక్కల్ని ప్రార్థనల్లో నైవేద్యంగా కూడా పెడతారు, అంటే ఫిరోజా అక్కడ ముందు పూజాద్రవ్యం, తర్వాతే నగ. ప్యూబ్లో అనే ఇంకో ఆదివాసీ జనాలకి అది ఆకాశం, నీళ్ళు. వానకోసం ఎదురుచూసే నేలలో ఆ రంగుకి ఇంకేం అర్థం వస్తుంది. అపాచీ తెగవాళ్ళు విల్లుకి ఫిరోజా కడితే గురి తప్పదనుకునేవాళ్ళట.

చార్మినార్ బండ్ల విషయానికొస్తే, అమ్మ తేల్చేసినంత ఈజీ కాదు. ఇరాన్‌లో నిషాపూర్ గనుల రాయి ప్రపంచానికంతటికీ పేరున్నది, అక్కడ ఫిరూజా అంటే విజయం, దిష్టి తగలకుండా పెట్టుకునేది, నెలవంకని చూసి వెంటనే ఫిరోజాని చూస్తే కలిసొస్తుందని నమ్మకం. కుతుబ్ షాహీల మూలాలు పర్షియాలోనే, హైదరాబాదులో షియాల వేళ్ళకి అఖీక్, ఫిరోజా ఉంగరాలు ఇప్పటికీ చూస్తాం. ఇంకో తమాషా, ఇక్కడ అరిజోనాలో గనాడో దగ్గర 1878లో మొదలైన హబెల్ ట్రేడింగ్ పోస్టు ఉంది, ఆ హబెల్ నవాహో పనివాళ్ళకి పర్షియా ఫిరోజా తెప్పించి ఇచ్చాడు, ఇక్కడి రాయి చాలక. అంటే అమ్మ తుర్కోళ్ళదన్న రాయే నూరేళ్ళ కిందట ఇక్కడి కంకణాల్లో కూర్చుంది.

అన్నిట్లో నాకు బాగా పట్టుకున్న నమ్మకం ఒకటుంది. పెట్టుకున్న మనిషికి జబ్బు చేస్తే, ఆపదొస్తే ఫిరోజా రంగు మారి ముందే చెప్తుందని పర్షియాలోనూ అన్నారు, యూరప్‌లోనూ అన్నారు. మామూలుగా ఐతే కొట్టిపారేసేదాన్ని. కానీ ఈ రాయి నిజంగానే మారుతుంది, దీన్నిండా కంటికి కనపడని రంధ్రాలు, చెమట, నూనె, సబ్బు, సెంటు అన్నీ పీల్చుకుంటుంది, నీలం రాయి కొన్నేళ్ళకి పచ్చగా తిరుగుతుంది. ఒంటికి ఆనుకుని ఉండే రాయి ఒంట్లోంచి వచ్చేది తాగి రంగు మారుతుంటే, మనిషి సంగతి దానికి తెలుసనుకోవడంలో వింతేముంది. నా స్టెబిలైజ్డ్ రాయికి మాత్రం ఆ పని దాదాపు చేతకాదు, రెసిన్ రంధ్రాలు మూసేసింది. అది చూసుకుంటే ఏదో పోగొట్టినట్టే ఉంది, ఐనా అమ్మ కొబ్బరినూనె వాడకం తెలిసి స్టెబిలైజ్డే కొన్నా, మార్చను.

డిజైన్, దానికోసం చేసిన పంచ్

మ్యూజియంలో చూసినవాటిలో నాకు నచ్చింది నాజా, స్క్వాష్ బ్లాసమ్ అనే నవాహో వెండి దండ మధ్యలో వేలాడే నెలవంక ముక్క. అది గుర్రాల కళ్ళెం మీద నుదుటి దగ్గర పెట్టే బిళ్ళ నించి వచ్చింది, ఉత్తర ఆఫ్రికా ముస్లింలైన మూర్లనించి స్పెయినుకి, స్పెయిన్‌నించి మెక్సికోకి, అక్కడ్నించి నవాహోలకి. ఇన్ని చేతులు మారినదాన్ని నేను తీసుకుంటే తప్పేంటి అని ఎవరైనా అనొచ్చు. నేను తీసుకోదల్చుకోలేదు. వాళ్ళ తయారీ కాని వస్తువుని నేటివ్ అమెరికన్ తయారీ అని చెప్పి అమ్మితే 1990 చట్టం కింద మొదటిసారికే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు, కానీ నేను అమ్మట్లేదు కాబట్టి అది నాకు అడ్డం కాదు. అడ్డం ఏంటంటే, రోడ్ల పక్కన బల్లలేసుకుని కూర్చునే నవాహో పనివాళ్ళ పొట్ట మీద కొట్టేది ఫాక్టరీ కాపీలే, నేను ఇంకో కాపీ చేసి మెళ్ళో వేసి ఊరంతా తిప్పడమెందుకు. మనకి మామిడి పిందె ఉంది, అమ్మ పట్టుచీర అంచు నిండా అదే.

పంచ్ అంటే వెండి మీద పెట్టి సుత్తితో కొట్టే ఉక్కు అచ్చు, దాన్ని కొనకుండా చేసుకున్నా, ఈ ప్రాజెక్టులో బాగా ఎంజాయ్ చేసిన భాగం ఇదే. పాత నవాహో పనివాళ్ళు విరిగిన ఆకురాళ్ళు, పాత ఇనుప ముక్కలు అరగదీసి అచ్చులు చేసుకున్నారు, నేను 6 మిల్లీమీటర్ల టూల్ స్టీల్ కడ్డీ కొన్నా. కొనమీద సూదిమొన ఆకురాయితో పిందె ఆకారం, లోపల చిన్న సున్నా. పిందె తోక వంపు దగ్గర ఆకురాయి దూరదు, అక్కడ చిన్న గీటుతో సరిపెట్టా, చూడటానికి అదే బాగుంది. మెత్తగా ఉన్నప్పుడే చెక్కుడంతా ఐపోవాలి. తర్వాత టార్చితో ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోవడం మానేసేదాకా చూసి, ఇంకొంచెం వేడి ఇచ్చి వేడి నూనెలో ముంచాలి. ఇప్పుడది ఎంత గట్టి అంటే సుత్తి దెబ్బకి పెళుసుగా విరుగుతుంది, కాబట్టి మళ్ళీ ఓవెన్‌లో 220 డిగ్రీల దగ్గర పెట్టి గడ్డిపసుపు రంగు తిరిగేదాకా ఉంచాలి. రాగి రేకు మీద కొట్టి చూశా, పిందె శుభ్రంగా దిగింది. ఒక్కటే దెబ్బ కొట్టాలి, రెండోది కొడితే నీడలాగా రెండు పడతాయి, దానికి బరువైన సుత్తి తీసుకుని చేతిని దాని దారిన వదిలేయడమే ఉపాయం.

రేకు మీద పట్టీ అతికించాక అచ్చులు కొడితే రేకు వంగి అతుకు మీద పడుతుందని, అచ్చుల అంచు వేరే రేకు మీద కొట్టి, పెద్ద ఓవల్ చట్రంగా కోసి, దాన్ని వెనక రేకు మీద కూర్చోబెట్టి అతికించా. చట్రానికీ పట్టీకీ మధ్య సందులో మెలితీగ. రెండు సన్నతీగలు కలిపి డ్రిల్లుకి బిగించి తిప్పితే తాడు వచ్చేస్తుంది. మా కరీంనగర్ ఫిలిగ్రీవాళ్ళు వెంట్రుకంత తీగ మెలేసి, దాన్ని మళ్ళీ చదును చేసి పువ్వులు నింపుతారు, నాది వాళ్ళముందు మోకు. నాలుగు వైపులా నాలుగు వెండి గుండ్లు, తుక్కు వెండి బొగ్గు మీద పెట్టి కాలిస్తే దానంతటదే గుండవుతుంది, ఇక్కడ వీటిని రెయిన్‌డ్రాప్స్ అంటారు. కొక్కెం ఈజీతో పట్టుకుంది. ఇక మంట పని లేదు.

నలుపు, మెరుగు

రాయి పెట్టకముందే ఇదంతా ఎందుకంటే, పైన చెప్పా కదా, అది అన్నీ తాగుతుంది. వేడి తగిలితే రంగు చెడుతుంది, చిట్లొచ్చు. పికిల్ ఆమ్లం పడితే పోయినట్టే. లివర్ ఆఫ్ సల్ఫర్ అని వెండిని నల్లబరిచే గంధకం మందుంది, కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది, అది కూడా రాయికి తగలకూడదు. కాబట్టి రాయి అన్నిటికన్నా చివర, పనంతా దానికోసమే ఐనా.

వేడినీళ్ళలో ఆ మందు కొంచెం కలిపి ముంచితే క్షణాల్లో బంగారు రంగు, తర్వాత వంకాయ రంగు, తర్వాత నలుపు. పూర్తిగా నల్లగా అయ్యాక పైభాగం మెరుగు పెడితే పిందె గుంటల్లో, తీగ మెలికల్లో మాత్రం నలుపు నిలిచి డిజైను లేచి కనపడింది. బఫ్ చక్రం వాడకుండా నీళ్ళతో రుద్దే గరుకు కాగితం, 400, 600, 1000 నంబర్లు వరసగా, ఆపైన బర్నిషర్, అంటే రుద్ది మెరుగు తెచ్చే నున్నటి ఉక్కు పనిముట్టు. అద్దంలా చేయలేదు, కావాలనే. పాత వెండికుండే మబ్బు మెరుపే ఈ నీలానికి జోడీ.

పొదుగు

రంపప్పొట్టు పల్చగా పరిచి రాయి దింపా. ముందొకసారి కింద పళ్ళదారం వేసి దింపి చూసుకోవాలి, బిగుసుకుంటే దారం లాగి పైకి తీయొచ్చు. సరిపోయింది, దారం తీసేశా. ఆ తర్వాత గోడని నెట్టడం: ముందు పైన, తర్వాత కింద, ఎడమ, కుడి, మళ్ళీ వాటి మధ్యలో. వరసగా ఒకవైపునించి నెట్టుకుంటూ పోతే మిగిలిన వెండి అంతా చివర్లో ముడతై లేస్తుంది, దానికి మందు లేదు. ఓవల్‌కి కొనల దగ్గర వంపు ఎక్కువ, అక్కడ వెండి కుదించుకోవాలి కాబట్టి ఎక్కువసేపు పట్టింది. గోరుతో గీరితే అంచు ఎక్కడా తగలట్లేదు, చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు లేదు. పట్టుకుంది.

వెనకవైపు ఏమీ ముద్ర కొట్టలేదు. ఇక్కడ 925 అని కొట్టాలంటే పక్కన మన రిజిస్టర్డ్ మార్కు కూడా ఉండాలి, నాకది లేదు, అమ్మకి కావాల్సిందీ కాదు.

మిగిలింది

గొలుసు. రెడీమేడ్ వేస్తే పనంతా చవకైపోతుంది, చేత్తో కొక్కాలు అల్లాలంటే నెల. ఇప్పటికి నల్లదారంలో వేసి ఇస్తానేమో, అమ్మ పుస్తెలతాడు పక్కన ఎలాగూ దారమే ఒదుగుతుంది. మొన్న ఫోన్‌లో పొదిగిన ఫొటో చూపించా. జాతకం మాట మళ్ళీ రాలేదు. "పిందెలు మంచిగొచ్చినయ్, గదే కమ్మలకు గూడ కొట్టు" అంది. కమ్మలకి ఒకే బండలోంచి కోసిన జతరాళ్ళు కావాలి, అవి దొరకడం కష్టం, టీచర్ దగ్గర పాత మొరెన్సీ ముక్కొకటి ఉందంటున్నాడు, పచ్చ కలిసిన నీలం, లోపల పైరైటు మెరుపులు, స్టెబిలైజ్ చేయనిది. కోసి చూసేదాకా రెండొస్తాయో ఒకటొస్తుందో తెలీదు. వచ్చే శనివారం రంపం ఖాళీ ఉందట.